కల్పిత భాషలకు కర్కశ ధ్వనులేల?

లేని జాతికి ఒక భాషను కల్పించి, దానికి వర్ణమాలను, విభక్తులను, క్రియారూపాలను ఏర్పరచడం ఈ కాలంలో ఒక వృత్తిగా స్థిరపడినది. పూర్వం ఇది ఏకాంతంలో కూర్చొన్న కొందరు విద్వాంసుల వినోదం. నేడు చలనచిత్ర నిర్మాతలు భాషాశాస్త్రజ్ఞులను పిలిపించి, ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొంటున్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక ఈ విద్య మీద నాకు గౌరవమే తప్ప చిన్నచూపు లేదు. అయితే ఇందులో పాతుకొనిపోయిన ఒక అలవాటు మీద గట్టి అభ్యంతరం ఉన్నది. మంచివారి భాషకు మెత్తని ధ్వనులను, చెడ్డవారి భాషకు మోటు ధ్వనులను పంచిపెట్టడమే ఆ అలవాటు.

ఈ విద్యకు పెద్దదిక్కుగా చెప్పుకొనే టోల్కీన్ మహాశయుడే ఇందుకు దారి వేసినాడు. ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైన ఆయన తన కథలలోని ఎల్ఫ్ జాతికి రెండు భాషలు కల్పించినాడు. ఫిన్లాండు భాష విని ముగ్ధుడై 'క్వెన్యా'ను, వేల్స్ దేశపు భాష మీది మక్కువతో 'సిందారిన్'ను కట్టినాడు. రెండూ చెవికి ఇంపైనవే. 1954–55లో వెలువడిన ఆయన మహాగ్రంథంలో దుష్టశక్తి కల్పించిన 'నల్లపలుకు' కూడా ఉన్నది. ఉంగరం మీద చెక్కిన ఆ భాషలోని మాటలను సభలో చదివి వినిపించగానే ఎల్ఫులు చెవులు మూసుకొంటారు. ఆ మాటల అర్థం క్రూరమైనదే, నిజము. కాని పాఠకుని చెవిలో మిగిలేది అర్థం కాదు, ఆ గరగరలాడే హల్లులే.

ఆ తరువాత అమెరికాలో 'క్లింగాన్' పుట్టినది. 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ చిత్రం కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు, పరగ్రహవాసులైన ఒక యుద్ధప్రియ జాతికి దీనిని నిర్మించినాడు. 1985లో నిఘంటువు కూడా వెలువడినది. మనుషుల భాషగా తోచకూడదని, అరుదైన లక్షణాలను ఏరి కూర్చినాడాయన. ఈ భాషలో దంత్యమైన దకారం లేదు. నాలుకను పైకి మడిచి పలికే డకారం ఉన్నది. షకారమూ ఉన్నది. చదువరులారా, ఒక్కసారి ఆగి ఆలోచించండి. 'గుడి', 'బడి', 'పాడి', 'బిడ్డ' అని మన ఇళ్ళలో పొద్దస్తమానం వినబడే మూర్ధన్యమైన డకారం ఇంగ్లీషువారి చెవికి గ్రహాంతర యోధుల గర్జనగా పనికివచ్చినది!

వాక్యక్రమమూ అంతే. ముందు కర్మ, పిదప క్రియ, చివర కర్త, ఇదీ క్లింగాన్ వరుస. 'రావణుని చంపెను రాముడు' అన్నట్లు. మన పద్యాలలో ఇటువంటి అన్వయం కోకొల్లలు. దానినే నిత్యవ్యవహారంలో నియమంగా పాటించే మనుషులూ ఉన్నారు. బ్రెజిల్ దేశపు అమెజాన్ అరణ్యాలలో కొన్ని వందలమంది మాట్లాడే హిష్కర్యాన భాషకు సహజమైన క్రమం అదే. కల్పనకర్త ఎక్కడో నక్షత్రమండలంలో ఉందనుకొన్నది భూమి మీద ఎవరో ఒక తల్లి నోట ఉండనే ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. 2015లో విడుదలైన 'బాహుబలి' మొదటి భాగంలో కాలకేయుల కోసం తమిళ రచయిత మదన్ కార్కి 'కిలికి' అనే భాషను కల్పించినారు. ఆస్ట్రేలియాలో పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజులలో పిల్లలను ఆడించడానికి వంద మాటలతో అల్లిన ఒక ఆటభాష దీనికి మూలమట. సినిమా నాటికి అది 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు గల భాషగా పెరిగినది. మాటలోని ధ్వనులను తలక్రిందులు చేస్తే వ్యతిరేకార్థం వచ్చే ఏర్పాటు ఇందులో ఉన్నది. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నీవు. ఫ్రాన్సు దేశస్థుడైన సుద్ర్ పందొమ్మిదవ శతాబ్దంలో సప్తస్వరాలతోనే కట్టిన 'సోల్‌రెసోల్' భాషలోనూ ఇటువంటి యుక్తి ఉన్నది. అందులో 'దోమిసోల్' దేవుడు, తిరగవేస్తే 'సోల్‌మిదో' సైతాను.

కార్కిగారి శ్రమను నేను తక్కువ చేయను. కాని ఆ నలభై సూత్రాలు ప్రేక్షకునికి ఏమి తెలిసినవి? అతడు విన్నది అరుపులను, మధ్యమధ్య నాలుకతో చేసే 'టక్కు'మనే చప్పుళ్ళను. చూసినది ఒంటికి నలుపు పులుముకొన్న మూకను. భాష అక్కడ భాషగా కాక వేషంలో ఒక భాగంగా నిలిచినది. పిల్లలు దానిని అనుకరించి ఆడుకొన్నారు. ఆటలో తప్పు లేదు. నాలుక చప్పుడు చేసేవాడు అడవిమనిషి, క్రూరుడు అన్న భావం ఆ ఆటతోపాటు లోపలికి దిగుతుందే, అదీ నా బాధ.

ఎందుకంటే ఆ చప్పుడు కల్పన కాదు. ఆఫ్రికా దక్షిణ భాగంలో లక్షలాదిమంది మాటలలో అది క, చ, ట, త, ప లాగానే ఒక హల్లు. అక్కడి ప్రాచీన జాతుల భాషల నుండి జూలూ, ఖోసా భాషలు దానిని స్వీకరించినవి. ఖోసా అనే పేరును ఆ భాషవారు పలికేటప్పుడు తొలి హల్లే నాలుక చప్పుడు. అది నెల్సన్ మండేలాగారి మాతృభాష. మన నోటికి మాత్రం అది కొత్తదా? జాలిపడినప్పుడు నాలుక చప్పరిస్తాము. ఎడ్లను అదిలించేటప్పుడు మరొక విధంగా చప్పుడు చేస్తాము. మనం మాటల వెలుపల ఉంచినదానిని వారు మాటలలో ఇమిడ్చినారు. తేడా అంతే.

పరుల పలుకును రాక్షసమనడం పడమటివారి దగ్గర నేర్చుకొన్నది కాదు, మనకూ పాత రోగమే. అస్పష్టంగా పలకడమనే అర్థం గల ధాతువు నుండి 'మ్లేచ్ఛ' శబ్దం వచ్చినది. గ్రీకులు తమ భాష రానివారిని 'బర్ బర్'మని గొణిగేవారన్నారు. బార్బేరియన్ అన్న మాట అందులో పుట్టినదే. పతంజలి మహాభాష్యంలో ఒక కథ ఉన్నది. అసురులు శత్రువులను ఉద్దేశించిన సంబోధనలో రేఫ పలుకవలసినచోట లకారం పలికి పరాజితులైనారట. అపశబ్దం పలుకరాదని నీతి. మంచిదే. కాని రేఫకు లకారం రావడం మాగధీ ప్రాకృతానికి సహజలక్షణం. తూర్పు ప్రాంతపు అశోక శాసనాలలో 'రాజా' అన్నది 'లాజా' అనే కనబడుతుంది. సంస్కృత నాటకాలలో రాక్షసపాత్రలకు మాగధిని కేటాయించిన సంప్రదాయమూ ఉన్నది. ప్రాణిహింస వద్దని రాతి మీద వ్రాయించిన చక్రవర్తి యాసే రాక్షసుల యాస అయి కూర్చున్నది! కనుక అసురుల దోషమని చెప్పినది ఒక ప్రాంతపు పలుకుబడి మాత్రమే.

పొగడ్తలోనూ ఈ చిక్కే ఉన్నది. మాటల చివర అచ్చులుంటాయి గనుక తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అన్నారని మనం తరతరాలుగా మురిసిపోతున్నాము. ఆ తూకంరాయి ఎవరిది? ఇటలీ భాష తీయనిదని ముందే నిర్ణయించుకొన్న యూరోపువారి చెవిది. ఆ చెవి మనలను మెచ్చుకొన్నది కనుక ఒప్పుకొని, డకారాన్ని గ్రహాంతరాలకు పంపినప్పుడు కాదంటే ఎట్లా? రెండూ ఒకే చెవి తీర్పులు.

'రసపోషణకు ధ్వని అవసరం కాదా? ఓజోగుణానికి పరుషవర్ణాలు విధించినది మన ఆలంకారికులే కదా?' అని విజ్ఞులు అడుగవచ్చును. విధించినారు. కాని అది రసాన్ని బట్టి, పుట్టుకను బట్టి కాదు. భీముడు కోపించినప్పుడు పరుషాక్షరాలు ఉరుముతాయి. ఆ భీముడే తల్లితో మాట్లాడేటప్పుడు అవి తొలగిపోతాయి. ఒక జాతి మొత్తానికి, ఆకలికీ అలకకూ ప్రేమకూ కూడా కర్కశధ్వనులే రాసిపెట్టడం ఔచిత్యం అనిపించుకోదు. ఆ జాతికి కోపం తప్ప మరొక భావం లేదని చెప్పడమే అవుతుంది.

మరి కల్పనకర్త ఏమి చేయాలి? తన శ్రమలో ఎక్కువ పాలు వ్యాకరణం మీద పెట్టాలి. 2009లో వచ్చిన 'అవతార్' చిత్రానికి పాల్ ఫ్రామర్ అనే ఆచార్యుడు కట్టిన 'నావి' భాషను చూడండి. అందులో గ, జ, డ, ద, బ అనే సరళాలు లేనేలేవు. ఉన్నవి పరుషాలు, వాటికి తోడు ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా విడిచే గట్టి హల్లులు. మన పరిభాష ప్రకారం ఇంతకన్న పరుషమైన భాష ఉండదు. అయినా ప్రేక్షకులు ఆ జాతిని తమవారిగా చేసుకొన్నారు. కర్కశధ్వనికీ క్రౌర్యానికీ సంబంధం లేదనడానికి ఇదొక్కటి చాలును. ఆ భాషలో మన 'మనము', 'మేము' అన్న భేదం ఉన్నది. వినేవాణ్ణి కలుపుకొనేది ఒకటి, విడిచిపెట్టేది ఒకటి. ఇంగ్లీషు వ్యాకరణంలో లేని ఈ వివేకం మన ఇళ్ళలో మూడేళ్ళ పిల్లకు తెలుసును. ధ్వని మనలను దూరంగా నిలిపినచోట వ్యాకరణం దగ్గరకు తీసుకొన్నది.

నావి జాతికి చేతికి నాలుగే వేళ్ళు. అందువలన వారి లెక్క ఎనిమిదితో నడుస్తుంది. ఈ కల్పనను చూసి అందరూ ఆశ్చర్యపోయినారు. అంతకన్న విచిత్రమైన లెక్క శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండలలోనూ, సరిహద్దుకు ఆవల ఒడిశాలోనూ ఉన్నది. సవరలు పన్నెండుతోనూ ఇరవైతోనూ కలిపి లెక్కిస్తారు. పదమూడంటే పన్నెండు మీద ఒకటి. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. కర్మపదాన్ని క్రియలోనే ఇముడ్చుకొని ఒక్క మాటగా పలికే శక్తి వారి భాషకు ఉన్నది. కంఠాన్ని చటుక్కున బిగించి ఆపే ధ్వని కూడా ఉన్నది. మైదానంలోని చెవికి అదీ మోటుగానే వినిపించినది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) అందులో మోటుదనాన్ని వినలేదు, వ్యవస్థను విన్నారు. సవరల వద్ద కూర్చొని నేర్చుకొని, వారి పిల్లలకు బడులు పెట్టి, 1931లో వ్యాకరణగ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించినారు. వ్యావహారికోద్యమకర్తగా ఆయనను తలచుకొనే మనం ఈ పనిని తలచుకోవడం తక్కువ. నా దృష్టిలో రెండూ ఒకే పని. ఎవరి నోటి భాషనూ నీచమని తోసివేయకుండా అందులోని నియమాన్ని వెదకడమే ఆ పని. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకు ఒక లిపిని కూడా రూపొందించినారు. కల్పనాశక్తి కొండల మీద లేదనుకోవడం మన అజ్ఞానం.

టోల్కీను వేసిన తప్పుదారిని చెప్పినాను కనుక ఆయన వేసిన మంచి బాటను కూడా చెప్పడం ధర్మం. ఆయన క్వెన్యానూ సిందారిన్‌నూ వేరువేరుగా కట్టక, ఒకే మూలభాష నుండి ధ్వనిమార్పులతో విడిపోయినట్లు కూర్చినాడు. కన్నడంలో 'కివి' మన దగ్గర 'చెవి' అయినట్లు, 'కై' అన్నది 'చేయి' అయినట్లు. భాషకు గతం ఉన్నదంటే దానిని పలికినవారికి తాతముత్తాతలు ఉన్నారని అర్థం. ఆ ఒక్క ఏర్పాటుతో కల్పిత జాతికి వంశం దొరుకుతుంది. సంధులు, అరిగిపోయిన మాటలు, సూత్రానికి లొంగని రూపాలు లేని భాష, ఎవరూ కాపురముండని కొత్త ఇల్లు వంటిది. అది కట్టినవానికి ముచ్చటే కాని మనిషి జాడ తెలియదు.

తెలుగు చలనచిత్రాలు నేడు ప్రపంచమంతటా ఆడుతున్నవి. రేపు మరొక దర్శకుడు మరొక జాతిని, మరొక భాషను సృష్టించవచ్చును. అప్పుడు భాషను కట్టేవారికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఆ భాషలో యుద్ధనినాదం వ్రాసి చూపనక్కరలేదు, అది ఎవరైనా వ్రాస్తారు. ఒక జోలపాట వ్రాసి చూపండి. కాలకేయ శిశువూ ఏడ్చి ఉంటాడు, వాణ్ణి ఒక తల్లి ఊరుకోబెట్టి ఉంటుంది. ఏ ధ్వనులతో ఊరుకోబెట్టినదో ఆలోచించి వర్ణమాలను కూర్చండి. అవే ధ్వనులతో వాడు పెద్దయి కత్తి దూసి గర్జించినా నాకు అభ్యంతరం లేదు.