తూటా ఎక్కడ ఆగుతుందో చూసి ఎంచుకోండి

మొన్న అవనిగడ్డ వైపు వెళ్ళినప్పుడు కాలువ గట్టు మీద టీ బడ్డీ దగ్గర ఒక రైతు నన్ను ఆపారు. రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. మొక్కజొన్నలో అడవి పందులు పడి ఒక్క రాత్రిలో అరెకరం నేలమట్టం చేశాయి. అంతకు ముందు నెలలోనే చేలో మోటారు విప్పి రాగి తీగ పట్టుకుపోయారు దొంగలు. ఇల్లు కూడా ఊరికి ఎడంగా, చేలోనే. "విలేకరి గారూ! తుపాకీ లైసెన్సుకు అర్జీ పెడదామనుకుంటున్నానండీ. పెడితే రైఫిలుకే పెడతాను. ఇంటి కాపలాకీ, చేను కాపలాకీ ఏ తూటా అయితే గట్టిగా పనిచేస్తుందో కనుక్కుని చెప్పండి" అన్నారు.

ఆయన బాధ నిజమైనది. నవ్వి కొట్టిపారేసే ప్రశ్న కాదు. విత్తనం, ఎరువు అప్పు తెచ్చి వేసిన రైతుకు అరెకరం పోవడమంటే ఆ ఏటి కౌలు పోయినట్టే. అందుకే తెలిసినవాళ్ళను అడిగి, చట్టం చూసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గట్టిగా పనిచేసే తూటా ఏది అన్నది రెండో ప్రశ్న. గురి తప్పితే ఆ తూటా ఎక్కడికి పోయి ఆగుతుంది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు చూసుకుంటే డెల్టా రైతుకు రైఫిలు తగదనే నా అభిప్రాయం.

మనది చదును నేల

కొండల పక్క ఊళ్ళలో గురి తప్పిన తూటాకు వెనక ఒక గుట్టయినా అడ్డం ఉంటుంది. విజయవాడ దాటి దిగువకు వస్తే సముద్రం దాకా మనకు అంతా చదునే. ఉన్న ఎత్తల్లా కాలువ గట్లు, కరకట్టలు. ఆ గట్ల మీదే ఇళ్ళు, పాకలు. రాత్రిపూట చేలల్లో ఎవరూ ఉండరనుకోవడం కూడా పొరపాటు. వంతు నీళ్ళు కట్టుకునేవాళ్ళు, చేపల చెరువుల కాపలావాళ్ళు, బాతుల మంద దగ్గర పడుకునేవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

లైసెన్సు మీద మామూలు జనానికి దొరికే రైఫిళ్ళలో ఎక్కువగా వినపడేది పాయింట్ 315 బోరు. సైన్యం, పోలీసులు వాడిన పాయింట్ 303 వంటివి నిషిద్ధ బోరు కింద ఉన్నాయి, వాటి జోలికి పోనక్కరలేదు. 315 తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి ఇంకా పోతుంది. చూడ్డానికి పెన్సిలు ముక్కలా ఉండే పాయింట్ 22 తూటా కూడా కిలోమీటరుకు పైగా పోతుంది. తాటాకు దడి, రేకు, తలుపు చెక్క వీటిని ఆపవు.

కొందరు "మెత్త ముక్కు తూటా తీసుకుంటే ప్రమాదం లేదు" అంటారు. సీసం ముక్కు బయటికి కనపడే తూటా ఒంట్లో తగిలి విచ్చుకుంటుంది, అవతలికి దూసుకుపోవడం తక్కువ. మొత్తం రాగి తొడుగు ఉన్నది అలా విచ్చుకోదు, దూసుకుపోతుంది. ఆ తేడా నిజమే. కాని అది తగిలినప్పటి తేడా. తగలకపోతే రెండూ దూరంగానే పోతాయి. చీకట్లో, భయంలో, నిద్ర మత్తులో కాల్చేవాడి గురి తప్పడమే ఎక్కువ అని మరిచిపోకూడదు.

ఒకే కాట్రిడ్జి రెండు పనులకు రాదు

రైఫిలు కాకుండా మిగిలేది 12 బోరు తుపాకీ. దీని గొట్టం లోపల నున్నగా ఉంటుంది, ఒక్క తూటా బదులు సీసపు గుళ్ళు పోతాయి. కాట్రిడ్జి మీద నంబరు ఉంటుంది. నంబరు పెరిగే కొద్దీ గుళ్ళు చిన్నవి. ఆరో నంబరు వంటి చిన్న గుళ్ళు రెండు వందల మీటర్ల ప్రాంతంలో బలం తగ్గి పడిపోతాయి. ఎల్.జి., ఎస్.జి. అనే పెద్ద గుళ్ళు అర కిలోమీటరు దాటగలవు. ఒకే గుండు ఉండే కాట్రిడ్జి కిలోమీటరు దాకా పోగలదు.

కాబట్టి చుట్టూ ఇళ్ళున్న చోట, లైసెన్సు ఉండి తీరా వాడక తప్పకపోతే, చిన్న గుళ్ళ కాట్రిడ్జే తక్కువ ప్రమాదం. తక్కువ అన్నాను గాని లేదనలేదు. వాకిట్లో పది అడుగుల దూరాన అవే చిన్న గుళ్ళు ప్రాణం తీస్తాయి. పలచని చెక్క తలుపు వెనక పడుకున్న పిల్లలకూ తగులుతాయి.

పంది దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. చిన్న గుళ్ళు దాన్ని చంపవు, గాయపరుస్తాయి. గాయపడిన పంది మనిషి మీదకే వస్తుంది, లేదా మర్నాడు కోతకు వెళ్ళిన కూలీల మీద పడుతుంది. దాన్ని పడగొట్టే పెద్ద గుళ్ళు అవతలి గట్టు మీది ఇంటికి ప్రమాదం. ఇంటికి పనికొచ్చేది పందికి పనికిరాదు, పందికి పనికొచ్చేది మన ఊరికి పనికిరాదు. ఆ రైతు అడిగినట్టు రెండు పనులూ చేసే తూటా అంటూ లేదు.

ఒక రాత్రి మాట

నాకు పదేళ్ళప్పుడు మా పెదనాన్నకు ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. లైసెన్సు ఉన్నదే. ఒక రాత్రి మంచె మీద నేనూ ఆయనతో ఉన్నాను. చెరకులో గలగల చప్పుడైంది. ఆయన తుపాకీ ఎత్తారు. నేను చెవులు మూసుకున్నాను. అంతలో చెరకులోంచి దగ్గు వినపడింది. వంతు నీళ్ళకు బోదె తిప్పడానికి వచ్చిన పక్క చేను ఆయన. చుట్ట పొగకు దగ్గు వచ్చింది గాని లేకపోతే ఏమయ్యేదో! పెదనాన్న కిందకు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత ఆ తుపాకీ మంచె ఎక్కలేదు. ఆ రాత్రి కాట్రిడ్జి మంచిదా కాదా అన్న ప్రశ్నే లేదు. ఎదుట ఉన్నది ఏమిటో తెలియలేదు, అంతే.

చట్టం ఏమంటుంది?

1959 ఆయుధాల చట్టం ప్రకారం పంట కాపలాకు నిజంగా అవసరమైన రైతుకు మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీకి ఇవ్వవచ్చు. చట్టం పంటకని చెప్పిన పేర్లలో రైఫిలు లేదు. దానికి విడిగా తగిన కారణం చూపించాలి. కలెక్టరు గారికి, కమిషనరేటు పరిధిలో అయితే పోలీసు కమిషనరు గారికి అర్జీ పెట్టుకోవాలి. పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ ఉంటాయి. 2019 సవరణ తరవాత లైసెన్సు గడువు అయిదేళ్ళు. ఎన్ని తూటాలు కొనవచ్చో, ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఎన్నికలప్పుడు అప్పగించమంటే స్టేషనులో అప్పగించాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే అదే సవరణ ప్రకారం కనీసం రెండేళ్ళ జైలు.

తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. ఇది చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పందికి రక్షణ ఉంది. పంటకు ప్రమాదమని అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే కాల్చాలి. మీద పడ్డప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. చేను కాపాడుకోవడానికి అనుమతి లేకుండా చంపితే నేరమే.

దొంగ విషయంలోనూ అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత మనకు ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. కాని అవసరానికి మించి హాని చేయకూడదన్న షరతుతోనే ఇచ్చింది. మోటారు తీగ పట్టుకుని పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే, దొంగ సంగతి తరవాత, ముందు మన మీద కేసు. రాగి తీగ పోతే కొనుక్కుంటాం. కోర్టు చుట్టూ తిరిగితే ఉన్న ఎడ్లు కూడా అమ్ముకోవాలి.

అంతకన్నా ప్రమాదం

తుపాకీ దొరకదు గదా అని కొందరు చేను చుట్టూ తీగ కట్టి లైనులోంచి కరెంటు ఇస్తున్నారు. కొందరు ఎరలో నాటు బాంబు పెడుతున్నారు. ఇవి తుపాకీ కన్నా చెడ్డవి. తుపాకీ పట్టినవాడికి కనీసం కళ్ళున్నాయి. తీగకు, బాంబుకు అవీ లేవు. 2020లో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు పేలుడు మందు ఉన్న ఎర కొరికి నోరు పగిలి చనిపోయింది. మన దగ్గర ఆ ఎర కొరికేది పక్కింటి గేదె కావచ్చు, ఆ తీగ తగిలేది తెల్లారగట్ల చేలోకి వచ్చిన మన ఇంటి మనిషే కావచ్చు.

మరి ఏం చేయాలి?

ఒట్టి చేతులతో ఉండమని నేను చెప్పడం లేదు. ముందు ఖర్చు తక్కువ పనులు చూడండి. ఇంటి ముందు, మోటారు దగ్గర దీపం వేయండి. తలుపుకు లోపలి గడియతో బాటు అడ్డకర్ర పెట్టండి. ఒక మంచి కుక్కను పెంచండి. దొంగలు పడితే ఎదురు వెళ్ళకుండా తలుపు వేసుకుని 112కు ఫోను చేయండి, కేకవేసి పక్కవాళ్ళను లేపండి. పంది బెడద ఉన్న చోట పది మంది రైతులు కలిసి వంతులవారీ కాపలా కాయండి. నీళ్ళు కట్టడానికి వచ్చేవాళ్ళు లైటు వేసుకుని, కేకవేసి రావాలని కట్టుబాటు పెట్టుకోండి. ఒక్కో చేనుకు విడివిడిగా కాకుండా కలిసి సోలార్ కంచె వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. అది ఆగి ఆగి చిన్న షాకు కొడుతుంది, లైను తీగలాగా పట్టుకుని చంపదు. సరయిన యంత్రంతో, తెలిసినవాళ్ళ చేత వేయించుకోవాలి.

ఇప్పటికే లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకు ఒక మాట. కాట్రిడ్జిలు ఒక బీరువాలో, తుపాకీ మరో చోట, రెండింటికీ తాళం. తుపాకీలో కాట్రిడ్జి పెట్టి గోడకు తగిలించవద్దు. పిల్లలకు దాని చోటు తెలియనివ్వవద్దు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర తప్ప కొనవద్దు.

ప్రభుత్వానికి కూడా చెప్పవలసింది ఉంది. ప్రతి రైతూ తుపాకీ కొనుక్కోవడం పరిష్కారం కాదు. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వార్డెన్ల హోదా ఇచ్చి, లైసెన్సు ఉన్న షూటర్ల చేత పందులను కాల్పించే అధికారం అప్పగించారు. శిక్షణ ఉన్న మనిషి, పగటి వెలుగు, ముందే దండోరా వేసిన ఊరు, వెనక గట్టు చూసుకుని కాల్చడం వేరు. నిద్రలేచిన రైతు చీకట్లో కాల్చడం వేరు. అనుమతి కాగితం మండల స్థాయిలోనే, పంట చేతికి రాకముందే అందాలి. పంట నష్టం లెక్క రాయడానికి కౌలు రైతు పేరు కూడా చెల్లాలి. పట్టా ఒకరిది, పెట్టుబడి మరొకరిది అయినప్పుడు పరిహారం ఎవరి చేతికి పోతోందో అందరికీ తెలుసు.

అవనిగడ్డ రైతుకు ఇదంతా ఫోనులో చెప్పాను. కాసేపు పలకలేదు. "అయితే అవతలి గట్టు మీద మా చెల్లెలి ఇల్లు ఉందండీ. మా చేనుకు సూటిగా అదే" అన్నారు. అర్జీ పెట్టాలా మానాలా అన్నది ఆయన ఇష్టం. మీరు కూడా పెట్టబోయే ముందు ఒక రాత్రి మీ వాకిట్లో నిలబడి నాలుగు వైపులా చూడండి. ఎటు చూసినా ఒక దీపం కనపడితే, ఆ వైపు కాల్చడానికి మీకు తూటా లేదనుకోండి.