నిద్ర రాని అలసట

ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదని మన సామెత. రాత్రి డ్యూటీ చేయు నర్సులకును, ఉక్కు కొలిమి కార్మికులకును అది చెల్లుట లేదు. వారము దినములు తెల్లవార్లు పనిచేసి పగటి షిఫ్టునకు మారిననాడు, ఒడలు పులిసియున్నను నడిరేయి కన్ను మూతపడదు. రాత్రి కరెంటుకై మోటారువద్ద కాచిన మన రైతు లీ బాధ నెఱుగుదురు. దీనిని సోమరితన మనువా రున్నారు! శరీరమున వెలుగు చీకటుల ననుసరించు గడియార మొకటి కలదు. దాని మర్మమును విప్పినందులకే హాల్, రాస్‌బాష్, యంగ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 2017లో నోబెల్ బహుమానము పడసిరి. డ్యూటీ పట్టికను కలపు గీతతో మార్చవచ్చును. ఆ గడియారము మారుటకు దినములు పట్టును. కావున షిఫ్టు మార్చునపుడు నడుమ రెండు దినముల విశ్రాంతి నిచ్చుట యజమానులకు విధిగా జేయవలెనని ప్రభుత్వమువారిని కోరుచున్నాము. ఖర్చు పెరుగునందురా? కునికిపాట్లు పడుచున్న చేతితో సూదిమందు వేయించుకొను రోగి నడిగి చూడుడు.