పక్కవాడి మోటారు

ఐరాల పక్క బోర్ల మీద సేద్యం చేసే రైతుకు ట్రాన్స్‌ఫార్మరు కాలడం కొత్త సంగతి కాదు. కొత్తది వచ్చేలోపు పైరు వాడిపోతుంది. తిట్లన్నీ ట్రాన్స్‌ఫార్మరుకే. పాపం, దాని తప్పెంత?

కరెంటు వచ్చినప్పుడల్లా పొలానికి పరుగెత్తలేక రైతు స్టార్టరుకు ఆటో స్విచ్ పెట్టుకుంటాడు. మంచిదే. పక్క రైతూ పెట్టుకుంటాడు. అదీ మంచిదే! అయితే మోటారు బయలుదేరేటప్పుడు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. సరఫరా రాగానే పది మోటార్లు ఒక్కసారే లేస్తే ఓల్టేజి కుంగిపోతుంది. లేవలేని మోటారు ఇంకా లాగుతుంది, వేడెక్కుతుంది. స్టార్టరు బాగుంది, మోటారు బాగుంది, ట్రాన్స్‌ఫార్మరూ బాగుంది. వాటి పొత్తే బాగాలేదు.

అందుకే ఇంజినీర్లు ప్రమాదాన్ని అంచనా కట్టేటప్పుడు విడిభాగాలను పరీక్షించి ఊరుకోరు. భాగాల పేర్లు అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి రాసి గడులు గీస్తారు. ఏది దేన్ని తాకుతుందో, దేనికి వేడినో బరువునో కబురునో పంపుతుందో ఆ గడిలో గుర్తు పెడతారు. పది భాగాలుంటే 45 జతలు. వందయితే 4,950!

ఒక్క గడిలో తేడా వస్తే ఏమవుతుందో మన శ్రీహరికోట చూసింది. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 జీశాట్-5పి ఉపగ్రహంతో లేచింది. పైనున్న కంప్యూటరు ఆజ్ఞలు కింది బూస్టర్లకు చేరాలంటే మధ్యలో క్రయోజెనిక్ దశ అడుగున ఉన్న కనెక్టర్ల గుండా వెళ్లాలి. 292వ సెకనులో విడిపోవాల్సిన ఆ కనెక్టర్లు పది, 48 సెకన్లు నిండకుండానే ఊడిపోయాయి. కంప్యూటరు చెబుతూనే ఉంది, వినేవాళ్లే లేరు. అదుపు తప్పిన రాకెట్‌ను 64వ సెకనులో పేల్చేయాల్సి వచ్చింది. గాలి ఒత్తిడికి, కంపనాలకు ఆ దశ కింది కవచం కదిలి కనెక్టర్ల బిగింపును లాగి ఉంటుందని విచారణ కమిటీ అంచనా. గాలిని ఆపాల్సిన కవచానికీ, ఆజ్ఞలు మోసే తీగకూ పైకి చూస్తే సంబంధమేముంది? ఆ కవచాన్నీ, తీగల గొట్టాన్నీ మళ్లీ రూపొందించి పంపిన జీఎస్ఎల్‌వీ-డీ5, 2014 జనవరి 5న కక్ష్య చేరింది.

మన రైతు గడులు గీస్తే బోరు, మోటారు, స్టార్టరు, ట్రాన్స్‌ఫార్మరు తర్వాత ఇంకో వరస వేయాలి: పక్కవాడి మోటారు. ఆటో స్విచ్ తీసేయమని విద్యుత్ సంస్థలు చెబుతూనే ఉన్నాయి, ఎవరు తీస్తారు? పోనీ, ఆలస్యంగా స్టార్టయ్యే టైమర్లు దొరుకుతున్నాయి కదా. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులంతా కూర్చుని ఒక్కో మోటారుకు కాస్త ఎడం పెట్టుకోవచ్చు. కాకపోతే, మొదట ఎవరిది లేవాలన్న దగ్గరే తగువు మొదలవుతుంది!