పాత పికప్ బండి, పదవీ విరమణ సొమ్ము

రైల్వేలోను, తపాలా శాఖలోను ముప్పది, ముప్పదియైదు సంవత్సరాలు చెమటోడ్చి విరమించిన మన సోదరులలో పలువురు నేడు ఒకే ఆలోచన చేస్తున్నారు. చేతికి వచ్చిన గ్రాట్యుటీ, సెలవుల నగదు, కమ్యుటేషన్ మొత్తాలలో కొంత పెట్టి ఒక పాత పికప్ బండి కొనడం, ఉద్యోగం దొరకని కుమారునికి దానిని జీవనాధారంగా అప్పగించడం. ఈ ఆలోచనలో దోషం లేదు. కష్టపడి బ్రతకాలనుకునే యువకుని యెవరూ తప్పుపట్టజాలరు. దోషమంతా ఆ బండిని కొనే పద్ధతిలో వున్నది. ఒంటరిగా, తొందరలో, బ్రోకరు మాట నమ్మి, పై రంగు చూచి కొంటున్నారు. ఈ పద్ధతి మారాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పుదుచ్చేరి శివారులోని సేదరపేట్ పారిశ్రామిక వాడను చూస్తే ఈ ఆలోచన యెక్కడ పుట్టినదో బోధపడుతుంది. చిన్న, మధ్యరకపు కర్మాగారాల సరుకు నిత్యం ఇక్కడి నుండి పట్టణానికి, సరిహద్దు దాటి తమిళనాడులోనికి పోతూ వుంటుంది. కర్మాగారం లోపల స్థిరమైన ఉద్యోగం దొరకని యువకునికి గేటు వెలుపల కిరాయి దొరుకుతుంది. సేదరపేట్-కరసూర్ ప్రాంతంలో ప్రత్యేక ఆర్థిక మండలి పేరిట సేకరించిన భూమి సంవత్సరాల తరబడి ఖాళీగా పడివుండగా, ఆశచూపిన ఉద్యోగాల స్థానంలో యువకునికి మిగిలినది కిరాయి బండి. 2005లో టాటా ఏస్ మార్కెట్టులోనికి వచ్చిన తరువాత చిన్న సరుకు బండి సామాన్యునికి అందుబాటులోనికి వచ్చినది. తమిళ సోదరులు దానిని ముద్దుగా 'కుట్టి యానై' అంటారు. బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి అంతకంటె బరువు మోస్తాయి. వీటిలో పాతబడినవే మన సోదరుల చేతికి వస్తున్నవి.

ధర వేరు, ఖర్చు వేరు

బండి ధర ఒకసారి చెల్లించేది. ఖర్చు ప్రతి నెలా చెల్లించేది. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. మూడు లక్షల రూపాయల అప్పు, సాలుకు నూటికి 15 వంతున వడ్డీ, 36 వాయిదాలు అనుకుందాం. నెలసరి వాయిదా సుమారు 10,400 రూపాయలు. నెలకు 26 దినాలు బండి తిరిగితే దినానికి 400 రూపాయలు వాయిదాకే పోవాలి. డీజిలు ఖర్చు పోగా దినానికి 1,000 రూపాయలు మిగులుతున్నదనుకుంటే, నెలకు 26,000 వచ్చి, వాయిదా పోగా 15,600 రూపాయలు ఇంటికి చేరుతుంది.

ఇక బండి పది దినాలు షెడ్డులో పడినదనుకోండి. బిల్లు 30,000 అయినది. ఆ నెల తిరిగినది 16 దినాలే కనుక వచ్చినది 16,000. వాయిదా పోగా మిగిలినది 5,600. ఆ 5,600 చేతబట్టుకొని 30,000 బిల్లు యెదుట నిలబడాలి. మెకానిక్కు వ్రాసినది 30,000 అయినా, పోయిన పది దినాల కిరాయి కలిపితే నష్టం 40,000. కాబట్టి మరమ్మతు ఖర్చంటే విడిభాగం ధర మాత్రమే కాదు. బండి నిలిచిపోయిన ప్రతి దినమూ ఆ ఖర్చులో భాగమే.

మన శాఖకు చెందిన ఒక విశ్రాంత సోదరుని కుటుంబంలో జరిగినది సరిగ్గా ఇదే. కొన్న మూడు మాసాలలోపే హెడ్ గాస్కెట్ పోయినది, ఆ పైన ఇంజెక్టర్లు పోయినవి. చివరకు సగం ధరకు బండి అమ్మి, మిగిలిన అప్పు పింఛను నుండి కట్టుకున్నారు. ఆయనను మోసగించినది ఒక్క బ్రోకరే కాదు, అడుగవలసిన ప్రశ్నలు యేవో చెప్పేవారు లేకపోవడం కూడా.

రోగాలు యేవి?

సరుకు బండి రోగాలలో అధికభాగం ఒకే మూలం నుండి పుడతాయి. అది మితిమీరిన బరువు. అటువంటి బండిలో మొదట అలసిపోయేది క్లచ్చి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చవలసి వస్తుంది, గేరుబాక్సు దింపనిదే పని జరగదు. తరువాత ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగి, బండి కదిలేటప్పుడు 'టక్' మని శబ్దం చేస్తాయి. వెనుక హౌసింగ్ లోని క్రౌన్, పినియన్ అరిగితే వేగం పెరిగిన కొద్దీ ఊళ వినిపిస్తుంది. కమాను కట్టలలో కంపెనీ అమర్చిన దానికంటె ఒకటి రెండు ఆకులు అదనంగా కనిపిస్తే, ఆ బండి యెటువంటి బరువు మోసినదో వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇంజను ఆరోగ్యం పొగ రంగులో తెలుస్తుంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. రింగులుగాని, వాల్వు సీళ్ళుగాని, టర్బో సీలుగాని అరిగి వుండవచ్చు. నల్లపొగ వస్తే గాలి తక్కువై డీజిలు సగం కాలుతున్నది. బండి వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటరు నీరు సిలిండరులోనికి పోతున్నదేమోనని అనుమానించాలి. ఆయిలు మూత విప్పినప్పుడు పాలమీగడ వంటి జిగురు కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. ఇంజను తిరుగుతుండగా ఆయిలు మూత తీస్తే ఆవిరిగొట్టం వలె గాలి తన్నుకొని వచ్చిందంటే, ఆ ఇంజను పెద్ద పనికి సిద్ధంగా వున్నట్లు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనల తరువాతి డీజిలు బండ్లకు మరొక చిక్కు వున్నది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు వీటికి అమర్చబడినది. ఆ మసి తనంతట తాను కాలిపోవాలంటే సైలెన్సరు బాగా వేడెక్కాలి. అనగా బండి కొంతదూరం నిలకడగా పరుగెత్తాలి. సేదరపేట్ నుండి పట్టణానికి, పట్టణం నుండి సేదరపేట్ కు నిలుస్తూ, కదులుతూ తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. ఫిల్టరు మూసుకుపోతుంది, దీపం వెలుగుతుంది, బండి లాగదు. ఫిల్టరును పీకివేసి గొట్టం బిగిస్తామని చెప్పేవారున్నారు. అది చట్టవిరుద్ధం, కాలుష్య పరీక్షలో చిక్కుతుంది. కొనే ముందే ఆ ఫిల్టరు వున్నదో లేదో చూడాలి.

సముద్రతీర ప్రాంతం గనుక తుప్పును మరువరాదు. తొట్టి క్రింద, చాసిస్ మీద క్రొత్తగా నల్లరంగు పూసివుంటే, ఆ రంగు క్రింద వెల్డింగు అతుకు వున్నదేమో సుత్తితో తట్టి చూడాలి. చాసిస్ పగులు కొంప ముంచే రోగం.

కాగితాలలోని మరమ్మతులు

బండి బాగున్నా కాగితాలు బాగుండకపోతే నష్టం అంతకంటె పెద్దది. రవాణా బండి వయస్సు యెనిమిది సంవత్సరాలు దాటితే ఎఫ్.సి. ప్రతి సంవత్సరం చేయించాలి. ఆ ఖర్చు మొదటనే లెక్కలో చేరాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవారు 30 దినాలలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది యేమనగా, ప్రమాదం జరిగినప్పుడు పరిహారపు బాధ్యత రిజిస్ట్రేషనులో పేరున్న యజమానిదే. అందుచేత పాత బండి అమ్మేవారు కూడా పేరు మారేవరకు నిద్రపోరాదు. తమిళనాడు నంబరు బండిని కొని పుదుచ్చేరిలో పన్నెండు మాసాలకు మించి వుంచితే క్రొత్త నంబరు తీసుకొనాలి. అధిక బరువుకు 2019 సవరణ తరువాత చట్టంలోని జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఒక్క ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరుకు వేసుకుంటే లాభమన్న భ్రమ ఈ ఒక్క అంకెతో తొలగిపోవాలి.

వేలంలో తపాలా వ్యాను చవకగా వస్తుందన్న ఆశ కూడా కొందరికి వున్నది. పదిహేను సంవత్సరాలు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరింపబడదు, అవి తుక్కు కేంద్రాలకే పోవాలి. రోడ్డుపై త్రిప్పుకొనవచ్చునని వాటిని చూపి యెవరైనా సొమ్ము అడిగితే నమ్మరాదు.

ఇంకా సర్వీసులో వున్న సోదరులకు ఒక హెచ్చరిక. ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం ఉద్యోగి స్వంత వ్యాపారాన్ని అనుమతించదు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తే కార్యాలయానికి తెలియజేయాలి. భార్య పేరిట, కుమారుని పేరిట బండి నడుస్తున్నప్పుడు ఆ ఒక్క ఉత్తరం వ్రాయకపోవడం రేపు చార్జిషీటుకు దారితీయవచ్చు.

మనమేమి చేయాలి?

క్రొత్త బండి కొనండని చెప్పడం సులభం. ఐతే దాని వాయిదా యెందరు భరించగలరు? పాత బండి పేదవాని ప్రారంభ సాధనం. దానిని వద్దనలేము, కాని గ్రుడ్డిగా కొనవద్దని చెప్పగలము. కమ్యుటేషన్ సొమ్ము యెవరి దానమూ కాదు. మన పింఛనులో నూటికి 40 వంతుల వరకు పదిహేను సంవత్సరాల పాటు వదులుకొని ముందుగా తెచ్చుకున్న సొమ్ము. 2004 జనవరి 1 తరువాత చేరి క్రొత్త పింఛను పథకంలో చిక్కుకున్న సోదరులకు ఆ రక్షణ కూడా లేదు. అటువంటి సొమ్మును ఒక పూట బేరంలో పోయడం వివేకం కాదు.

మన వద్ద లేనిది నైపుణ్యం కాదు. డీజిలు షెడ్డులలో ఇంజన్లు విప్పి బిగించిన ఫిట్టర్లు, మెయిల్ మోటార్ సర్వీసులో వ్యాన్లను యేళ్ళ తరబడి నడిపించిన మెకానిక్కులు మన సంఘాలలోనే వున్నారు. ఇంజనును రంగును బట్టి గాక, అది యెప్పుడు షెడ్డుకు వచ్చినది, యే భాగం మారినది అన్న రికార్డును బట్టి అంచనా వేయడం వారికి అలవాటే. ప్రతి శాఖలోను ఇటువంటి ఇద్దరు ముగ్గురితో ఒక పరిశీలక బృందం యేర్పడాలి. సభ్యుడు అడ్వాన్సు ఇచ్చే ముందు వారు బండిని చల్లగా వున్నప్పుడు స్టార్టు చేసి, సరుకు వేసి నడిపి చూడాలి. మన సహకార పరపతి సంఘాలు బండికి అప్పు ఇచ్చేటప్పుడు ఈ బృందం వ్రాసిచ్చిన నివేదికను కోరాలి. బండి ధరలో కనీసం అయిదవ వంతు మరమ్మతు నిధిగా ప్రక్కన పెట్టనివారికి అప్పు ఇవ్వరాదని నా అభిప్రాయం.

ఇది ఒక్కరొక్కరి జాగ్రత్తతో ముగిసే విషయం కాదు. 2014లో కాంపిటిషన్ కమిషన్ విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలపై 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. ఆ వ్యవహారం అప్పీళ్ళకు వెళ్ళినది. 2022లో కేంద్ర ప్రభుత్వం 'మరమ్మతు హక్కు' పేరిట ఒక పోర్టలు ప్రారంభించినది. సమాచారం చూపే పోర్టలు చాలదు, సమాచారం ఇచ్చితీరాలన్న చట్టం కావాలి. నేటి బండి రోగం చూడాలంటే స్కానరు కావాలి. ఆ స్కానరు కంపెనీ గుప్పిటనే వుంటే వీధి మెకానిక్కు జీవనమూ పోతుంది, బండివాని జేబూ చిరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి విడిభాగాలన్నిటిపై జి.ఎస్.టి. 18 శాతమైనది. అంతకుముందు పెక్కు భాగాలపై 28 శాతం వుండేది. ఆ తగ్గింపు బిల్లులో కనిపిస్తున్నదా లేదా అని అడిగే హక్కు కొనుగోలుదారునికి వున్నది. ఆ బిల్లు అడిగి తీసుకొనండి.

రానున్న శాఖా సమావేశాలలో పరిశీలక బృందం విషయాన్ని అజెండాలో చేర్చవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాను. సమ్మెలో ఒకరి వెనుక ఒకరం నిలబడినవారము, బండి బేరంలో మాత్రం ఒంటరిగా నిలబడవలసిన అవసరమేమున్నది?