ముందు కంటికి కొలత, తర్వాతే విమానం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో పోతే ఇంచుమించు గంట పడుతుంది. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో ఎగిరే చిన్న విమానమైతే ఆ దూరాన్ని 13 నిమిషాల్లో దాటేస్తుంది. అలాంటి విమానం మనకెక్కడ దొరుకుతుంది అంటారా? ఇంట్లో మంచి కంప్యూటరు ఉంటే చాలు, దొరికినట్టే. విమానం నడపడాన్ని ఉన్నదున్నట్టు అనుకరించే ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. వాటిలో ‘ఫ్లైట్‌గేర్’ లాంటివి ఉచితం కూడాను.

కర్నూలు నుంచి నంద్యాలకు వచ్చే దారిలో ఓర్వకల్లు దగ్గర 2021 మార్చిలో ఒక విమానాశ్రయం ప్రారంభమైంది. 1847లో ఉరికంబమెక్కిన వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. ఆ ఉయ్యాలవాడ ఆళ్ళగడ్డకు దగ్గరి ఊరే. సిమ్యులేటర్‌లో ఓర్వకల్లు నుంచి పైకి లేచి, ఆగ్నేయ దిక్కుగా సుమారు 40 కిలోమీటర్లు పోతే నంద్యాల వస్తుంది. అక్కడ విమానం ముక్కును దక్షిణానికి తిప్పి మరో 40 కిలోమీటర్లు పోతే ఆళ్ళగడ్డ. దారి పొడుగునా ఎడమ చేతివైపు నల్లమల కొండలు, కుడి చేతివైపు కుందూ నది లోయ కనిపిస్తుంటాయి. దారి తప్పే భయమే లేదు.

ఇదంతా బల్లమీది తెరపై చూడవచ్చు. కాని ఆ తెర ఒక కిటికీ మాత్రమే. దిగడానికి ముందు రన్‌వే మన ఎడమ భుజం వెనక్కి పోయిందనుకోండి. నిజమైన పైలట్ తల తిప్పి చూస్తాడు. తెర ముందున్న మనం తల తిప్పితే కనిపించేది ఇంటి గోడే! ఈ లోటును తీర్చేదే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్. కళ్ళకు కట్టుకునే ఈ పెట్టెలో తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనిపిస్తుంది. అందుకే ఈమధ్య చాలామంది విద్యార్థులు దీన్ని కొనిపెట్టమని ఇంట్లో అడుగుతున్నారు.

అడగడం తప్పు కాదు. అయితే ఏది కొనాలో నిర్ణయించేటప్పుడు దాదాపు అందరూ పెట్టెమీద అచ్చువేసిన పెద్ద అంకెనే చూస్తారు. అన్ని పిక్సెళ్ళు, ఇన్ని పిక్సెళ్ళు అని పోల్చుకుంటారు. ఇది తలకిందుల పద్ధతి అని నా అభిప్రాయం. హెడ్‌సెట్ ముందు మన కళ్ళకు సరిపోవాలి. ఆ తర్వాత మన కంప్యూటరుకు సరిపోవాలి. దృశ్యం అందం సంగతి ఆ రెండింటి తర్వాతే. ఎందుకో చూద్దాం.

కుర్చీలో కూర్చుని విమానం నడపడం నేర్చుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లోనే ఇలాంటి యంత్రం ఒకటి తయారు చేశాడు. వారి కుటుంబానికి ఆర్గన్‌లూ పియానోలూ చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులనే వాడి, ఆయన తన బొమ్మ విమానాన్ని అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. తలకు తగిలించుకునే కంప్యూటరు తెరను 1968లో ఐవాన్ సదర్లాండ్ చూపించాడు. అది తల మోయలేనంత బరువు. అందుకని పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది! 2021లో ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఇలాంటి హెడ్‌సెట్‌తో పనిచేసే ఒక హెలికాప్టర్ శిక్షణ యంత్రానికి తొలిసారిగా అనుమతి ఇచ్చింది. కనుక దీన్ని వట్టి ఆటబొమ్మ అని తోసిపుచ్చలేం.

ఇక ఇది ఎలా పనిచేస్తుంది? ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. కష్టంగా ఉంటుంది కదూ? మన రెండు కళ్ళూ ఒకే వస్తువును కొద్దిగా వేరు వేరు చోట్ల నుంచి చూస్తాయి. ఆ రెండు బొమ్మల తేడాను బట్టి మెదడు లోతును గ్రహిస్తుంది. హెడ్‌సెట్ చేసే పని ఇదే. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తుంది. కంటికి మరీ దగ్గరగా ఉన్న తెరను దూరంగా ఉన్నట్టు చూపడానికి మధ్యలో కటకాలు ఉంటాయి.

ఇప్పుడు పిక్సెళ్ళ సంగతి. 2023లో వచ్చిన ‘క్వెస్ట్ 3’ హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 2064 అడ్డంగా, 2208 నిలువుగా పిక్సెళ్ళు ఉన్నాయి. వినడానికి పెద్ద అంకెలే. కాని అవన్నీ కంటిముందు చాలా విశాలంగా పరుచుకుంటాయి. కనుక అసలు అడగవలసిన ప్రశ్న, ఒక్క డిగ్రీ కోణంలో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయన్నది. ఈ హెడ్‌సెట్‌లో సుమారు 25. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60 దాకా విడివిడిగా గుర్తించగలదు. విమానంలో మనకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మీటరుపై 5 మిల్లీమీటర్ల ఎత్తున్న అంకె ఉందనుకోండి. అది కంటి దగ్గర చేసే కోణం సుమారు 0.4 డిగ్రీ. అంటే ఆ అంకె ఎత్తంతా కలిపి 10 పిక్సెళ్ళు! చదవగలం కాని, అచ్చులో చదివినంత స్పష్టంగా కాదు.

‘అలాగైతే ఎక్కువ పిక్సెళ్ళున్నదే కొనాలిగా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి రెండు జవాబులున్నాయి. మొదటిది, నిజమైన పైలట్ లాగే మీరూ ముందుకు వంగి చూడవచ్చు. దూరం సగమైతే కోణం రెట్టింపవుతుంది, 10 పిక్సెళ్ళు 20 అవుతాయి. ఇందుకు పైసా ఖర్చు లేదు. రెండవది, ప్రతి పిక్సెల్‌నూ లెక్కకట్టి గీయవలసింది మీ కంప్యూటరు. మామూలు తెరపై 1920, 1080 పిక్సెళ్ళ బొమ్మను సెకనుకు 60 సార్లు గీస్తే 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్ళు. పైన చెప్పిన హెడ్‌సెట్‌లో రెండు కళ్ళకూ, సెకనుకు 72 సార్లు గీయాలంటే 65 కోట్లు దాటుతుంది. అంటే పని అయిదింతలు. పిక్సెళ్ళు ఇంకా పెంచితే మోయలేని బరువెత్తిన ఎద్దులా కంప్యూటరు మధ్యదారిలో ఆగి ఆగి నడుస్తుంది.

అలా ఆగి ఆగి నడిస్తే ఏమవుతుంది? మీరు తలను సెకనుకు 60 డిగ్రీల చొప్పున తిప్పారనుకోండి. దృశ్యం సెకనులో పదోవంతు ఆలస్యమైనా అది 6 డిగ్రీలు వెనకబడుతుంది. చేయి చాపి మూడు వేళ్ళు కలిపి పట్టుకుంటే ఆ వెడల్పు సుమారు 5 డిగ్రీలు. ప్రపంచమంతా మూడు వేళ్ళకు మించి వెనక్కి జారిందన్నమాట! మన చెవి లోపల అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల తిరిగిందని మెదడుకు చెప్పేవి అవే. చెవి ‘తిరిగాను’ అంటుంది, కన్ను ‘ఇంకా లేదు’ అంటుంది. విమానం గింగిరాలు కొట్టినప్పుడు ఇది తిరగబడుతుంది. కన్ను తిరిగానంటుంది, కుర్చీలో కదలకుండా ఉన్న చెవి లేదంటుంది. ఈ తగవు తేలక మెదడు తికమకపడితే కడుపులో తిప్పుతుంది, చెమటలు పోస్తాయి. సిమ్యులేటర్ తెచ్చే ఈ వికారాన్ని శాస్త్రజ్ఞులు 1957లోనే గుర్తించి రాశారు. కనుక అందమైన మేఘాలతో తడబడే దృశ్యం కన్నా, సాదా మేఘాలతో నిలకడగా సాగే దృశ్యమే వెయ్యిరెట్లు మేలు.

కంటికి సరిపోవాలన్నానే, దాని సంగతి చూద్దాం. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే శిల్పుల పని మీలో చాలామంది చూసే ఉంటారు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, దాన్నిబట్టి విగ్రహంలోని మిగతా కొలతలు నిర్ణయించడం మన శిల్పశాస్త్ర పద్ధతి. రాయి ఎంత ఖరీదైనదైనా, కొలత తప్పితే విగ్రహం తప్పుతుంది. హెడ్‌సెట్‌కూ ఒక తాళమానం ఉంది. అది మీ ముఖంలోనే ఉంది. రెండు కనుపాపల నడిమి దూరమే అది.

పెద్దవారిలో ఇది సగటున 63 మిల్లీమీటర్లు. పిల్లల్లో ఇంకా తక్కువ. అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడి, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలును కనుబొమలకు ఆనించి పట్టుకోండి. కుడికన్ను మూసి, సున్నా గీతను ఎడమ కనుపాప నడిమికి తెచ్చుకోండి. తల కదల్చకుండా ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి, కుడి కనుపాప నడిమికి ఏ గీత వచ్చిందో చూడండి. మూడుసార్లు కొలిచి సగటు కట్టండి. కళ్ళజోళ్ళ దుకాణంలోనూ ఇది కొలిచి చెబుతారు. కొన్ని హెడ్‌సెట్‌లలో కటకాలను చక్రం తిప్పి కొద్దికొద్దిగా జరపవచ్చు. క్వెస్ట్ 3 అలాంటిది. ‘క్వెస్ట్ 2’, ‘క్వెస్ట్ 3ఎస్’లలో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే స్థానాలున్నాయి. మీ కొలత 55 వచ్చిందనుకోండి. ఈ మూడింటిలో ఏదీ మీది కాదు. బొమ్మ అంచులు మసకబారుతాయి, కళ్ళు లాగుతాయి. నాలుగు అంగుళాలు పొట్టిదైన చెప్పు ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం?

హెడ్‌సెట్ చేతికి వచ్చాక దాన్ని సరిచేసుకోవడం ఒక చక్కని ప్రయోగం. ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. మొదట పట్టీలు సవరించి, అక్షరాలు స్పష్టంగా కనిపించే చోట పెట్టెను నిలపండి. బరువు బుగ్గలమీద కాక తల వెనుక పడాలి. తర్వాత కటకాల దూరం మీ కొలతకు పెట్టండి. ఆ తర్వాత సెకనుకు 72 బొమ్మలు పెట్టుకుని, మేఘాలు, నీడలు, దూరపు దృశ్యాల వివరాలు బాగా తగ్గించండి. ఓర్వకల్లు నుంచి నంద్యాల దాకా ఒకసారి ఎగరండి. దృశ్యం ఎక్కడా తడబడకపోతే, ఏదో ఒక్కటి మాత్రమే ఒక మెట్టు పెంచండి. మళ్ళీ అదే దారి, అదే వేళ, అదే వాతావరణం, అదే విమానం. తడబాటు మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి. ఒకేసారి నాలుగు మార్చారో, మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో ఎన్నటికీ తెలియదు. ప్రయోగశాలలో మీ మాస్టారు చెప్పే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

కొనే ముందు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. వస్తువు బాగున్నంత మాత్రాన చాలదు, దాన్ని నడిపే ప్రోగ్రాము బతికి ఉండాలి. 2020లో వచ్చిన ‘హెచ్‌పీ రివర్బ్ జీ2’ను ఫ్లైట్ సిమ్యులేటర్ అభిమానులు ఎంతో మెచ్చుకున్నారు. అది ఆధారపడిన ‘విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ’ని మైక్రోసాఫ్ట్ 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుంచి తీసేసింది. చవకగా వస్తోందని పాతది కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. కళ్ళజోడు పెట్టుకునేవారు జోడుతోనే పెట్టి చూసి కొనాలి. హెడ్‌సెట్‌ను ఎండ తగిలే కిటికీ దగ్గర ఎన్నడూ ఉంచకండి. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుందిగా? ఆ కటకాలు ఎండను కూడగట్టి లోపలి తెరను కాల్చేస్తాయి. నంద్యాల ఎండలకు ఆ పని క్షణాలమీద అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మీ కళ్ళు. హెడ్‌సెట్‌లో కన్ను ఎప్పుడూ ఒకే దూరానికి, సాధారణంగా ఒకటి రెండు మీటర్లకు, దృష్టి నిలపాలి. కాని చూసే వస్తువు ఒకసారి దగ్గరి మీటరు, ఒకసారి దూరపు కొండ. ఈ పొంతన లేని పనివల్ల కళ్ళు అలుస్తాయి. మెటా కంపెనీ మొదట 13 ఏళ్ళు నిండినవారికే తన హెడ్‌సెట్‌లను అనుమతించేది. 2023లో పెద్దల అదుపులో ఉండే ఖాతాలతో 10 ఏళ్ళకు తగ్గించింది. అనుమతి ఉంది కదా అని గంటలకొద్దీ వాడమని కాదు. ఓర్వకల్లు నుంచి ఆళ్ళగడ్డ దాకా అరగంట లోపు ప్రయాణం. ఒక రోజుకు అది చాలు. వికారం మొదలుకాగానే ఓర్చుకోకుండా వెంటనే తీసేయండి. తీసిన వెంటనే సైకిలెక్కి రోడ్డుమీదికి పోకండి.

ఇంతకూ ఇప్పుడేం చేయాలి? ముందు మామూలు తెరమీద, మామూలు జాయ్‌స్టిక్‌తో ఆ అరగంట ప్రయాణాన్ని తప్పులేకుండా చేయడం నేర్చుకోండి. దిక్సూచి చూడటం, ఎత్తు నిలుపుకోవడం, వేగం తగ్గించి దిగడం – వీటికి హెడ్‌సెట్ అక్కరలేదు. అదంతా వచ్చాక కూడా తల తిప్పి రన్‌వేను చూడాలన్న కోరిక తగ్గకపోతే, స్కేలు తీసుకుని అద్దం ముందుకు పోండి. ఆ కొలత వేసిన కాగితం చేత పట్టుకుని అమ్మానాన్నలను అడగండి. పెట్టెమీది అంకెలు చూపించి అడిగిన దానికన్నా ఆ మాటకు బరువెక్కువ.