అత్త అన్న మాట, షాపులో కొన్న ట్యూబు

బళ్లారి ఎండ సంగతి కొత్తగా చెప్పాలా! ఆ ఎండలోనే సైకిలెక్కి కాలేజీకి పోయొచ్చే పీయూసీ అమ్మాయిని, పండక్కొచ్చిన మేనత్త చూడగానే అనే మాట: 'ఏమే, ఇట్లా నల్లగైపోతివి?' అత్త ఆ మాట అక్కడే మరిచిపోతుంది. పిల్ల మరిచిపోదు. రాత్రి అద్దం ముందు నిలబడుతుంది. పొద్దున మెడికల్ షాపుకు పోతుంది.

చీటీ లేకుండా చేతికొచ్చే ట్యూబుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మం వాపుకు, దురదకు డాక్టర్లు కొద్దిరోజుల కోసం రాసే మందది. ముఖానికి రాస్తే మొదట తెల్లబడినట్టే కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రబారుతుంది. మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలూ రావచ్చు. ఆపితే మంట. తాళలేక మళ్లీ అదే ట్యూబు! ఇలాంటి 14 రకాల క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కౌంటరు దగ్గర చీటీ అడిగేవాళ్లు ఎందరు?

కంపెనీలనే అనుకుని లాభం లేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. మన నోళ్లే మారలేదు. మన పిల్లలకు దెబ్బ రెండు భాషల్లో తగులుతుంది. ఇంట్లో 'నల్లోడు', బడిలో 'కరియ'. అంతా నవ్వులాటే అంటాం. (కృష్ణుడి పేరుకు అర్థమే నలుపు. బిడ్డకు శ్యామల అని పేరు పెట్టుకునేదీ మనమే.) మగపిల్లలకైతే బక్కోడు, బండోడు అని మరికొన్ని బిరుదులు. వాళ్లు ఏడవరు, గ్రూపు ఫొటోలో వెనక వరసకు జరుగుతారు.

ఇంట్లో కూడా ముఖానికి చున్నీ కట్టుకుంటున్నా, ఫొటో అంటే తప్పుకుంటున్నా పిల్లను కోప్పడకండి. ట్యూబు మీది సన్నక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లుంటే స్టెరాయిడే. చాన్నాళ్లుగా రాస్తుంటే సొంతంగా ఆపేయకుండా చర్మ డాక్టరుకు చూపించండి. బిడ్డ దిగులు పడి తిండి, నిద్ర మానేస్తే 14416కు ఫోను చేయొచ్చు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది, ఉచితం. రాత్రయినా పలుకుతారు.

దీపావళికి మేనత్త మళ్లీ వస్తుంది. ఈసారి చదువు సంగతి అడగమని ముందే ఫోను చేసి చెప్పండి.