గోడమీది గీతలు

జంషెడ్‌పూర్‌లో దోముహానీ అనేచోట ఖర్కాయీ నది సువర్ణరేఖలో కలుస్తుంది. వానకాలంలో సువర్ణరేఖ నిండుగా పారుతుంటే ఖర్కాయీ నీటికి ముందుకు దారి దొరకదు. అది వెనక్కు తన్ని, మురుగుకాలువల గుండా పల్లపు బస్తీలలో ప్రవేశిస్తుంది. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని తరాల క్రిందట వలసవచ్చిన తెలుగు కుటుంబాలు అటువంటి బస్తీలలో నేటికీ ఉన్నాయి.

అనువాదం నా వృత్తి. ఆ కారణంగా ఒక బస్తీ పెద్దలు నా వద్దకు వచ్చి, ప్రభుత్వానికి అర్జీ వ్రాసిపెట్టమన్నారు. ఆంగ్ల సాహిత్యం చదివినవాడిని గదా, ఉత్సాహపడ్డాను. తడిసిన బియ్యం, పాడైన పిల్లల పుస్తకాలు, డాబాలమీద గడచిన రాత్రులు అన్నీ కరుణరసం ఉట్టిపడేలా వర్ణించి, ఏటి పొడుగునా కరకట్ట కట్టించి సహాయం చేయవలసిందని ముగించాను. మూడు నెలలు తిరిగి ఆ అర్జీ, బాధితుల జాబితా జతపరచమన్న ఒక్క వాక్యంతో వెనక్కు వచ్చింది. ఆ ఏడు వరదే రాలేదు. ఇక బాధితులెక్కడ?

తప్పు గుమాస్తాది కాదు, నాదే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం రెండు నిధులను వేరుగా పేర్కొన్నది. ఆపద వచ్చాక ఆదుకొనేది మొదటిది. రాకముందే దాని తీవ్రతను తగ్గించేది రెండవది, ఉపశమన నిధి. 2021-26 సంవత్సరాలకు రాష్ట్రాల విపత్తు నిధులలో 80 శాతం మొదటిదానికి, 20 శాతం, అంటే సుమారు 32 వేల కోట్ల రూపాయలు, రెండవదానికి పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. నేను కోరిన పని రెండవదానిది, వాడిన మాట మొదటిదానిది. మాట తప్పితే కాగితం మరొక బల్లకు పోతుంది. పైగా, కరకట్టలవంటి భారీ నిర్మాణాలు మామూలు అభివృద్ధి పథకాల క్రింద చేపట్టాలనీ, ఉపశమన నిధిని స్థానికుల పాత్ర ఉండే చిన్న పనులకు వాడాలనీ ఆ సంఘమే చెప్పింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాతనే మన తీరంలో తుపాను షెల్టర్లు విరివిగా లేచాయి. ముందుగా పెట్టే ఖర్చు విలువ మనకు అంత మూల్యం చెల్లించాక గాని తెలియలేదు.

రెండవసారి కోరిక కుదించాము. ఏటినీరు ఎగదన్నకుండా కాలువ మూతికి ఒక తలుపు, బడికి పోయే బాట కొంత ఎత్తు పెంచడం, అంతే. ప్రతిపాదన స్థానిక సంస్థ ద్వారా, డిప్యూటీ కమిషనర్ అధ్యక్షులుగా ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు, అక్కడినుండి రాష్ట్రానికి వెళ్ళాలి. ఒకచోట నోటిఫైడ్ ఏరియా కమిటీ, మరొకచోట మునిసిపాలిటీ, ఇంకొకచోట పంచాయతీ ఉండే ఊరిలో, ఆ స్థానిక సంస్థ ఏదో తేల్చుకోవడానికే పదిరోజులు పట్టింది.

ఇక మిగిలింది రుజువు. నీరు ఎన్నిసార్లు, ఎంత ఎత్తు వచ్చింది? ఎవరివద్దా లెక్క లేదు. అప్పుడొక ముసలమ్మ నన్ను లోపలికి పిలిచింది.

“కాయితాలెందుకు బాబూ? ఆ గోడ సూడండి.”

గోడమీద బొగ్గుతో గీసిన అయిదు గీతలు. వరద వచ్చినప్పుడల్లా ఆమె భర్త గీసి, ప్రక్కన సంవత్సరం వేసేవాడట. అన్నిటికన్న పైది ఆమె భుజానికి వచ్చింది. టేపుతో కొలిచాము, ఫోటోలు తీశాము. బడిపిల్లలు ఇల్లిల్లూ తిరిగి మనుషులను లెక్కవేశారు. ఈసారి అర్జీ రెండు పుటలే. అందులో విశేషణం ఒక్కటీ లేదు.

మీ ఊరికీ ఇటువంటి అవసరముంటే, నీరు తీసిన మరునాడే గోడమీద గుర్తు పెట్టండి. తేదీ వేయండి. జిల్లా విపత్తు ప్రణాళికలో మీ వాడ పేరు ఉన్నదో లేదో అడిగి చూడండి.

మా ప్రతిపాదన జిల్లా స్థాయి దాటిందని కబురు వచ్చింది. మంజూరు ఇంకా కాలేదు. మొన్న సంక్రాంతికి ముసలమ్మ ఇంటికి సున్నం వేయించింది. ఆ అయిదు గీతలున్న మేర మాత్రం వేయనివ్వలేదు.